రక్తపోటును దించితే ప్రాణం నిలుస్తుందని ఎలా తెలిసింది?

1945 ఏప్రిల్ 12. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, వార్మ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కుర్చీలో కూర్చుని కాగితాలు చూసుకుంటున్నారు. ఎదురుగా ఒక చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. ఉన్నట్టుండి తల వెనక భాగంలో భరించలేని నొప్పి అంటూ ఆయన ఒరిగిపోయారు. గుండె వైద్యుడు హోవర్డ్ బ్రూన్ వచ్చి చూసేసరికి రక్తపోటు 300/190. మధ్యాహ్నం మూడున్నర దాటాక ప్రాణం పోయింది. మెదడులో నాళం చిట్లింది. వయసు 63 ఏళ్లు.

ఇది ఎవరూ ఊహించనిదని ఆయన సొంత వైద్యుడు అడ్మిరల్ రాస్ మెకింటైర్ లోకానికి చెప్పారు. తర్వాత బయటపడిన లెక్కలు చూస్తే మాత్రం ఆ మాట నిలవదు. 1935లో రూజ్‌వెల్ట్ రక్తపోటు 136/78. రెండేళ్లకు 162/98. 1940లో 178/88, మరుసటి ఏడాది 188/105. పదేళ్ల పాటు మెట్టుమెట్టుగా ఎక్కుతూ వచ్చిన అంకెలివి. 1944 మార్చిలో బ్రూన్ మొదటిసారి పరీక్షించినప్పుడు గుండె పెరిగి ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, పోటు 186/108 ఉంది. ఆయన చేయగలిగింది చేశారు. డిజిటాలిస్ ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, సిగరెట్లు తగ్గించమన్నారు, నిద్రమాత్రల జాతికి చెందిన ఫెనోబార్బిటాల్ ఇచ్చారు. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన దేశాధినేతకు ఆనాడు దొరికిన వైద్యం అంతే. ఈరోజు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా అంతకన్నా మంచి మందు ఉచితంగా ఇస్తారు.

మందులు లేకపోవడం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. పోటును దించాలా వద్దా అన్నదే అప్పటికి తేలలేదు. వయసు మీద పడి నాళాలు గట్టిపడ్డాక, వాటిగుండా రక్తాన్ని తోయాలంటే పోటు పెరగక తప్పదని, అది శరీరం తన మేలుకోసం చేసుకునే సర్దుబాటు అని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. అమెరికా హృద్రోగ వైద్యానికి పెద్దదిక్కులాంటి పాల్ డడ్లీ వైట్ కూడా 1931లో రాసిన పాఠ్యపుస్తకంలో, పెరిగిన పోటు జోలికి పోకపోవడమే మంచిదేమోనన్న అభిప్రాయం వెలిబుచ్చారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. పోటు దించితే మూత్రపిండాలకు, మెదడుకు రక్తం చాలదేమోనన్న భయం చూడ్డానికి సబబుగానే ఉంటుంది. అది తప్పని తర్కంతో తేల్చలేం. మనుషుల మీద పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఆ పోలిక జరగడానికి రూజ్‌వెల్ట్ పోయాక మరో 22 ఏళ్లు పట్టింది. ఆ దారిలో మన దేశపు వేరు ఒకటి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ముందు రోగం సంగతి కొంచెం చూద్దాం. 1948 జూన్‌లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టం మీద సంతకం పెట్టారు. ఆ ఏడాదే మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 5,209 మంది స్త్రీపురుషుల్ని ఎంచుకుని, రెండేళ్లకోసారి పిలిచి పరీక్షించడం మొదలుపెట్టారు. మందు ఇవ్వరు, చికిత్స చేయరు. బరువు, పోటు, కొలెస్టరాల్, పొగతాగే అలవాటు రాసుకుంటారు, ఎవరికి ఏమైందో చూస్తారు. పదేళ్లు తిరక్కుండానే లెక్క తేటపడింది. పోటు ఎక్కువున్నవాళ్లకే గుండెపోటు ఎక్కువ వస్తోంది. తర్వాత్తర్వాత పక్షవాతం, గుండె నీరసించడం కూడా ఆ వరసలోనే కనిపించాయి. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేలింది. రెండు అంకెల్లో కింది అంకే అసలు ప్రమాదమని, పై అంకె వయసుతో పాటు పెరిగినా పరవాలేదని అప్పట్లో అనుకునేవారు. ఫ్రామింగ్‌హామ్ లెక్కలు చూశాక అది తారుమారైంది. పై అంకె ఏ వయసులో పెరిగినా ప్రమాదమే. 'వయసు ప్లస్ నూరు' ఉంటే సరిపోతుందని ఇవాళ్టికీ మన పెద్దవాళ్లు చెప్పుకునే లెక్క ఆ పాతకాలపు నమ్మకమే. అది వదిలేయాలి.

పెరిగిన పోటు శరీరం లోపల ఏం చేస్తుంది? గుండె ఎడమ గది ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోయాలి కాబట్టి, బరువులెత్తేవాడి కండలా దాని గోడ మందమవుతుంది. మొదట్లో అది బలంలాగే కనిపిస్తుంది. మందమైన గోడ బిరుసెక్కుతుంది, సరిగ్గా సడలదు, రక్తం నిండటానికి చోటివ్వదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం అక్కడినుంచే మొదలవుతాయి. మెదడు లోతుల్లోకి వెళ్లే వెంట్రుకంత నాళాలు పెద్ద నాళాల నుంచి నిలువునా చీలి వస్తాయి. అందువల్ల పోటు దెబ్బ వాటికి నేరుగా తగులుతుంది. అవి మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతమే. కొన్ని చిన్న మూసివేతలు బయటికి తెలియను కూడా తెలియవు. ఏళ్ల తరబడి పోగుపడి మతిమరుపుగా, నడకలో తడబాటుగా బయటపడతాయి. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని కేశనాళికల చుట్టలు ఒత్తిడికి గట్టిపడిపోతాయి, మూత్రంలో ప్రొటీను కారుతుంది. దెబ్బతిన్న మూత్రపిండం ఉప్పును, నీటిని సరిగ్గా బయటికి పంపలేక పోటును ఇంకా పెంచుతుంది. ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే ఈ చక్రాన్ని తెంచడం ఎంత ఆలస్యమైతే అంత కష్టం. కంటి వెనక రెటీనా నాళాల్లో ఇదే నష్టాన్ని డాక్టరు నేరుగా చూడొచ్చు. కోత లేకుండా రక్తనాళాల్ని ఇలా కళ్లతో చూడగల చోట్లు శరీరంలో అరుదు.

గర్భిణుల సంగతి వేరే. ఇరవై వారాలు దాటాక కొందరికి పోటు పెరిగి, అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అనేది దీన్నే. తల్లీబిడ్డలిద్దరినీ బలిగొనే ఈ జబ్బుకు మెగ్నీషియం సల్ఫేట్ సూది అనే చవక మందు పనిచేస్తుందని 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరీక్ష తేల్చింది. 33 దేశాల్లో పదివేల పైచిలుకు గర్భిణుల్ని పోల్చి చూస్తే ఫిట్స్ సగానికి సగం తగ్గాయి. గర్భిణికి ప్రతి తనిఖీలో చేతికి పట్టీ కట్టి చూడటం వెనక కారణం ఇదే. ఆ ఒక్క నిమిషాన్ని ఏ తల్లీ వదులుకోకూడదు.

ఇక ఆ వేరు కథ. సర్పగంధ మన అడవుల్లో పెరిగే చిన్న పొద. పాముకాటుకు, పిచ్చికి, నిద్రపట్టకపోవడానికి దాని వేరును తరతరాలుగా వాడారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు పిచ్చిని నెమ్మదింపజేస్తుందని, పోటును కూడా దించుతుందని రాశారు. దేశంలోని వైద్యులు కొందరు వాడుతూనే ఉన్నారు గానీ బయటి ప్రపంచానికి తెలియలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో 50 మందికి ఈ మందు ఇచ్చి, ముందెంత పోటు, తర్వాతెంత అని పద్ధతిగా రాసుకుని, ఆ వ్యాసాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌కు పంపారు. అది అచ్చవడంతోనే కథ మలుపు తిరిగింది. బోస్టన్‌లో రాబర్ట్ విల్కిన్స్ అది చదివి మందు తెప్పించుకుని తన రోగులకు ఇచ్చి చూశారు. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ రసాయనవేత్తలు వేరులోని అసలు పదార్థాన్ని వేరుచేసి రెసర్పిన్ అని పేరు పెట్టారు. 1957లో వకీల్‌కు అమెరికా వైద్యరంగపు పెద్ద సత్కారమైన లాస్కర్ అవార్డు వచ్చింది. సంప్రదాయ వైద్యంలో మంచి మందులున్నాయని మనం గొప్పలు చెప్పుకుంటాం. వకీల్ చేసిన అసలు గొప్ప పని ఆ మందును కొలతకు నిలబెట్టడం. ఆ కొలత లేకపోతే సర్పగంధ ఈనాటికీ మన నోటిమాటగానే ఉండిపోయేది.

మందు దొరికింది, పోటు దిగుతోంది. ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి జవాబు వెదకడానికి వాషింగ్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రీస్ పూనుకున్నారు. 1960ల్లో అనేక మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి ఒక పరీక్ష తలపెట్టాయి. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది పురుషుల్ని తీసుకున్నారు. 73 మందికి మూడు మందులిచ్చారు: మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్, నాళాల్ని వదులు చేసే హైడ్రాలజైన్, మన సర్పగంధ నుంచి వచ్చిన రెసర్పిన్. మిగతా 70 మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఎవరికేది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది మొదటి అంకం. అసలు పరీక్షలోకి తీసుకునే ముందు అభ్యర్థులకు కొన్ని వారాలు ఉత్తుత్తి మాత్రలే ఇచ్చారు. వాటిలో రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్ కలిపారు. రైబోఫ్లేవిన్ మింగినవాడి మూత్రాన్ని అతినీలలోహిత దీపం కింద పెడితే పసుపుపచ్చగా మెరుస్తుంది. మాత్ర మింగానని చెప్పి మూలన పడేసినవాడి మూత్రం మెరవదు. మిగిలిన మాత్రల్ని కూడా లెక్కపెట్టారు. మాట నిలుపుకోని వాళ్లని మొదట్లోనే వదిలేశారు. మందు పనిచేస్తుందా లేదా తేలాలంటే ముందది కడుపులోకి పోవాలి కదా.

1967లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్రలు మింగిన 70 మందిలో రెండేళ్లలోపే 27 మందికి ఘోరమైన ముప్పులు వచ్చిపడ్డాయి, నలుగురు చనిపోయారు. మందు మింగిన 73 మందిలో ముప్పులు రెండు, మరణాలు సున్న. ఇంత తేడా చూశాక ఆ స్థాయి పోటున్న ఎవరికీ ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం న్యాయం కాదని పరీక్షలో ఆ భాగాన్ని ఆపేశారు. కింది అంకె 90 నుంచి 114 మధ్య ఉన్న 380 మందితో రెండో భాగం కొనసాగింది. 1970లో ఆ లెక్కలూ వచ్చాయి. ఉత్తుత్తి మాత్రల వరసలో పక్షవాతాలు 20, మందు వరసలో 5. పోటు శరీరానికి కావలసిన సర్దుబాటు అన్న సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. మెదడుకు రక్తం చాలదని భయపడ్డ చోటే మెదడు బతికింది.

రెసర్పిన్ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కొందరిలో దిగులు పెరిగిందన్న నివేదికలు దాన్ని దెబ్బతీశాయి. అంతకన్నా హాయిగా పనిచేసే మందులు వచ్చాక దాని అవసరం తగ్గింది. విచిత్రమేమిటంటే ఆ తర్వాతి మందుల్లో ఒక జాతి నిజంగానే పాము నుంచి వచ్చింది. బ్రెజిల్‌లోని జరరాక అనే రక్తపింజర జాతి పాము కాటేస్తే పోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ విషంలోని పదార్థాన్ని సెర్జియో ఫెరీరా పట్టుకున్నారు. దాని ఆధారంగా అమెరికాలో కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అది వాడుకలోకి వచ్చింది. మూత్రపిండం విడుదల చేసే రెనిన్‌తో మొదలయ్యే గొలుసులో నాళాల్ని బిగించే ఆఖరి పదార్థం తయారవకుండా అది అడ్డుపడుతుంది. ఇవాళ మన మందుల చీటీల్లో తరచూ కనిపించే టెల్మిసార్టాన్ కూడా ఆ గొలుసునే ఇంకోచోట తెంచుతుంది.

తర్వాతి పరీక్షలు ఒక్కో సందేహాన్నే తీర్చాయి. ముసలివాళ్లలో పై అంకె ఒక్కటే పెరిగితే దించాలా? దించాలి, పక్షవాతం మూడోవంతు పైగా తగ్గుతుందని 1991లో తేలింది. ఎనభై దాటినవాళ్లకు? వాళ్లకూ మేలేనని, మరణాలు కూడా తగ్గాయని 2008లో తెలిసింది. ఎంతవరకు దించాలి? 2015లో అమెరికాలో 9,361 మందిపై జరిగిన స్ప్రింట్ పరీక్షలో పై అంకెను 140 కిందికి తేవాలని చూసిన జట్టుకన్నా 120 కిందికి తేవాలని చూసిన జట్టులో మరణాలు నాలుగోవంతు తగ్గాయి. ఆ పరీక్షలో మధుమేహం ఉన్నవాళ్లు లేరు. పోటు బాగా దించినవాళ్లలో కళ్లుతిరిగి పడటం, మూత్రపిండాలకు దెబ్బ తగలడం కొంత ఎక్కువయ్యాయి. అందుకే అంకె ఎంత ఉండాలన్నది ఒక్కొక్కరి ఒంటినిబట్టి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

స్ప్రింట్‌లో మనం పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అక్కడ పోటు ఎలా కొలిచారు? రోగిని ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, యంత్రం తనంతట తానే మూడుసార్లు కొలిస్తే సగటు తీశారు. మన దగ్గర ఎలా కొలుస్తారో అందరం చూస్తూనే ఉన్నాం. ఓపీ చీటీ చేతబట్టుకుని వరసలో అరగంట నిలబడ్డ మనిషి లోపలికి రాగానే స్టూలు మీద కూర్చోబెడతారు. చొక్కా చేతి మీదే పట్టీ చుడతారు. చేయి వేలాడుతూ ఉంటుంది. మధ్యలో 'ఏ ఊరు, ఎన్నాళ్లనుంచి' అని అడుగుతారు, అతను జవాబు చెబుతుంటాడు. ఒక్కసారి కొలిచి చీటీ మీద రాసేస్తారు. వేలాడే చేతికి కొలిస్తే పై అంకె సగటున ఆరేడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుందని, ఒళ్లో పెట్టుకుంటే నాలుగు దాకా ఎక్కువ చూపిస్తుందని 2024లో అచ్చయిన ఒక పరీక్ష లెక్కగట్టింది. మాట్లాడితే పెరుగుతుంది, మూత్రం ఆపుకుంటే పెరుగుతుంది, అరగంటలోపు కాఫీ తాగినా, బీడీ కాల్చినా పెరుగుతుంది. లావు చేతికి సన్న పట్టీ కడితే ఇంకా పెరుగుతుంది. వీపు ఆనించి, కాళ్లు నేలమీద ఆన్చి, చొక్కా చేయి పైకి తీసి, చేతిని గుండె ఎత్తులో బల్లమీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరుకుని, రెండుసార్లు కొలిస్తేనే ఆ అంకెకు అర్థం. రోగి అడిగితే తప్పులేదు. అడగండి.

ఉప్పు సంగతికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. మన వాడకం దానికి చాలా పైన ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ఫ్యాక్టరీ తిండిలోంచి వస్తుంది. మన దగ్గర మాత్రం చాలామటుకు వంటింట్లో చేత్తో వేసిందే. కూరలో వేస్తాం, పప్పులో వేస్తాం, మజ్జిగలో వేస్తాం. ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, ఉప్పుచేప అయితే చెప్పక్కర్లేదు. రుచి మారకుండా ఆ డబ్బాలోని ఉప్పునే మార్చేస్తే?

చైనాలో 600 పల్లెల్లో అదే చేశారు. పక్షవాతం వచ్చినవాళ్లు, అరవై దాటి పోటున్నవాళ్లు సుమారు 21 వేల మంది. సగం పల్లెలకు మామూలు ఉప్పు, సగం పల్లెలకు నాలుగోవంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఐదేళ్ల దగ్గరగా చూశాక, 2021లో వచ్చిన ఫలితంలో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. ఆ ఏడాదే మన తెలంగాణ సిద్దిపేట ప్రాంతంలోని ఏడు పల్లెల్లో, పోటున్న 502 మందితో చేసిన పరీక్ష ఫలితాలూ వచ్చాయి. పొటాషియం క్లోరైడ్ 30 శాతం కలిపిన ఉప్పు వాడిన ఇళ్లలో మూడు నెలలకే పై అంకె 4.6 పాయింట్లు దిగింది. ఎవరింట్లో ఏ ఉప్పుందో ఎవరికీ తెలియదు. మన తిండి మీద, మన వంటింట్లో తేలిన లెక్క కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువిస్తాను.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన హెచ్చరిక ఒకటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు పొటాషియాన్ని బయటికి పంపలేరు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. టెల్మిసార్టాన్ లాంటి మందులూ, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలూ పొటాషియాన్ని ఇంకొంచెం పెంచుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పోటు గానీ, మధుమేహం గానీ లేకుండానే మూత్రపిండాలు పాడైపోతున్న జనం వేలల్లో ఉన్నారు. తమ మూత్రపిండాల స్థితి తెలియకుండానే చాలామంది బతుకుతారు. అలాంటి చోట ఈ ఉప్పును కిరాణా కొట్లో కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టకూడదు. ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. మామూలు ఉప్పును తగ్గించుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇన్ని పరీక్షలు, ఇంత తేట జవాబు. పై అంకె పది పాయింట్లు దించితే పక్షవాతం నాలుగోవంతుకు మించి తగ్గుతుందని లక్షల మంది లెక్కలు కలిపి చూసి 2016లో తేల్చారు. అయినా ప్రపంచంలో పోటున్న వయోజనుల్లో సగానికి దగ్గరగా తమకా జబ్బున్నట్టే తెలియదు. ఐదుగురిలో ఒక్కరికే అది అదుపులో ఉంది. పోటు పెరిగినప్పుడు తలనొప్పి వస్తుందని, మెడ పట్టేస్తుందని, కోపం వస్తుందని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. చాలామందికి ఏదీ రాదు. ఏదీ రాదు కాబట్టే 'ఇప్పుడు బాగానే ఉంది' అని మాత్ర మానేస్తారు. అమ్లోడిపిన్ లాంటి మందు శరీరంలో నెమ్మదిగా తగ్గుతుంది గనుక ఆపిన మర్నాడు కూడా అంకె బాగానే ఉంటుంది. అది చూసి జబ్బు పోయిందనుకుంటారు. రెండు మూడు వారాల్లో పాత చోటికే తిరిగొస్తుంది.

2018లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. ఆ కార్యక్రమం కొత్త మందేదీ కనిపెట్టలేదు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ అనే మూడు చవక మందుల్ని ఏ వరసలో, ఏ మోతాదులో ఇవ్వాలో ఒకే పద్ధతి రాసిపెట్టింది. ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు చేతికివ్వాలంది. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఈ నెల రానివాళ్లెవరో చూసి, ఫోను చేయమంది. ఫోనుకు దొరక్కపోతే ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో ఇంటికి వెళతారు. మాత్రలు అయిపోయాయా, కూలికి పోయి రాలేకపోయారా, కాళ్లవాపు వచ్చి మానేశారా అని అడుగుతారు. కాళ్లవాపు అమ్లోడిపిన్‌తో రావడం మామూలే, మందు మారిస్తే సరిపోతుంది. ఎవరూ అడగకపోతే ఆ మనిషి మందే మానేస్తాడు.